.22 రైఫిల్ మేగజీన్‌లో రౌండ్లు ఇరుక్కుంటున్నాయి. తప్పు తూటాదా, మేగజీన్‌దా? రీలోడింగ్ గురించి కూడా ఒక ప్రశ్న

పటమట కుర్రోడు (విజయవాడ)

నమస్కారం అండీ. ఇక్కడ ఒక రైఫిల్ క్లబ్బులో .22 ప్రోన్, అంటే పడుకుని కొట్టడం, నేర్చుకుంటున్నాను. రైఫిల్ క్లబ్బుదే. బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి షాట్‌కీ బోల్ట్‌ను చేత్తో వెనక్కి లాగి ముందుకు తోయాలి. తూటాలు నింపే మేగజీన్ ఊడి వస్తుంది. ఐదు రౌండ్లవి మూడు, పది రౌండ్లవి రెండు మేగజీన్లున్నాయి. అందరం కలిసే వాడుకుంటాం, ఎవరి చేతికి ఏది వస్తే అది.

బోల్ట్ ముందుకు తోస్తే రౌండు, అంటే తూటా, ఒక్కోసారి చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) వెళ్లడం లేదు. సీసం మొన చాంబర్ కింది అంచుకు గుద్దుకుని ఆగిపోతోంది. బయటికి తీసి చూస్తే మొన చెక్కేసినట్టు ఉంటోంది. ఇంకోసారి బోల్ట్ రౌండు మీదుగా జారిపోయి ఖాళీ చాంబర్ మీద మూసుకుంటోంది. నేను గురి చూసి ట్రిగ్గర్ నొక్కితే టక్‌మని శబ్దం, అంతే. టైమ్ పెట్టి కొట్టించే రోజున ఇలా అయితే ఆ టెన్షన్‌లో తర్వాతి షాట్లు కూడా పోతున్నాయి. క్లబ్బులో కొందరు తూటాలు బాగాలేవంటారు, కొందరు రైఫిలే అరిగిపోయిందంటారు. ఎండాకాలంలో ఈ గొడవ ఎక్కువైంది.

రెండో ప్రశ్న. మా బావ టెక్సస్‌లో ఉంటాడు. గరాజ్‌లో తన .308 రైఫిల్‌కి తూటాలు తనే తయారు చేసుకుంటాడు, రీలోడింగ్ అంటే అదే. "నీ రైఫిల్‌కి ఏది సరిపోతుందో అది నువ్వే చేసుకోవాలి, అప్పుడే గ్రూపు దగ్గరకొస్తుంది" అంటాడు, అంటే షాట్లన్నీ దగ్గర దగ్గరగా పడతాయని. సంక్రాంతికి వస్తున్నాడు. వచ్చేటప్పుడు మంచి మేగజీన్లు రెండు తెస్తానంటున్నాడు. ఇక్కడ మనం అలా చేసుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

మంగళగిరి ఆర్మరర్

బాబూ, "ఎవరి చేతికి ఏది వస్తే అది" అన్నావు చూడు, ముందు అది మానేయండి. అది ఉన్నంతకాలం తప్పు దేనిదో మీకు తెలియదు.

నేను పోలీసు బెటాలియన్‌లో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాను. పాత త్రీనాట్‌త్రీ రైఫిల్ నుంచి ఇన్సాస్ రైఫిల్ దాకా చూశాను. "రైఫిల్ చెడిపోయింది సార్" అని తెచ్చినవాటిలో చాలా రైఫిళ్లు శుభ్రంగా ఉండేవి. వేరే మేగజీన్ పెట్టి ఇస్తే చక్కగా పనిచేసేవి. మేగజీన్‌ని జనం ఒక రేకు డబ్బాలా చూస్తారు. రౌండు ఏ ఎత్తులో నిలబడాలి, ఏ కోణంలో బోల్ట్ ముందుకు రావాలి, ఎక్కడ పట్టు వదలాలి, ఇవన్నీ చూసుకునేది అదే. పైన రౌండును పట్టి ఉంచే రెండు వంపు అంచులు, అంటే లిప్స్‌లో వెంట్రుకవాసి తేడా వచ్చినా రౌండు దారి మారిపోతుంది.

రేపు వెళ్లగానే ఐదు మేగజీన్ల అడుగున చెరగని మార్కర్‌తో నంబర్లు వెయ్యండి. ఒక నోట్‌బుక్ పెట్టండి. ఆగిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయాలి: మేగజీన్ నంబరు, అందులో ఎన్నో రౌండు, తూటాల పెట్టె మీదున్న లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది), రౌండు ఎలా ఆగింది. అవతల ఎవరు కొడుతున్నారో కూడా రాస్తే ఇంకా మంచిది. కొన్నాళ్లకే నోట్‌బుక్ మాట్లాడుతుంది. తప్పు ఒకే నంబరు మేగజీన్ వెంట తిరుగుతుంటే మేగజీన్‌ది. ఏ మేగజీన్‌లో పెట్టినా ఒకే లాట్ ఆగుతుంటే తూటాది. అన్ని మేగజీన్లతో, అన్ని లాట్లతో ఆగుతుంటే అప్పుడు రైఫిల్ విప్పి చూడాలి. ఇది చేయకుండా స్ప్రింగులు లాగడం, లిప్స్ వంచడం మొదలుపెడితే ఉన్న మంచి మేగజీన్ కూడా పోతుంది.

రౌండు ఆగిన తీరు చాలా చెబుతుంది. బోల్ట్ రౌండు మీదుగా జారిపోతోందంటే రౌండు బోల్ట్‌కి అందేంత ఎత్తుకు రావడం లేదన్నమాట. స్ప్రింగ్ బలం తగ్గి ఉండాలి, లేదా లోపల మురికి పట్టి ఫాలోవర్ (స్ప్రింగ్ మీద ఉండి రౌండ్లను పైకి తోసే పలక) ఆలస్యంగా లేస్తుండాలి, లేదా మేగజీన్‌ను రైఫిల్‌లో పట్టి ఉంచే క్యాచ్ అరిగి మేగజీన్ మొత్తం కాస్త కిందికి దిగి ఉండాలి. క్యాచ్ సంగతి సులువుగా తెలుస్తుంది. మేగజీన్ పెట్టాక అడుగున వేలితో పైకి తోసి చూడు. పైకి ఆడుతోందంటే అనుమానించాలి. మొన కిందికి గుద్దుకుంటోందంటే రౌండు ముందుభాగం తగినంత పైకి లేవడం లేదు. ఫాలోవర్ ముందుకు వాలుతుండొచ్చు, లేదా ఎవరో శుభ్రం చేసి స్ప్రింగ్ తిరగేసి పెట్టి ఉండొచ్చు. ఈ రెండోది నేను చాలాసార్లు చూశాను. స్ప్రింగ్ బయటికి తీసేముందు ఏ కొస ముందుకు ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకుంటే సరిపోయే పని. మొన పైకి లేచి చాంబర్ పై అంచుకు తగులుతుంటే లిప్స్ విచ్చుకుని రౌండును తొందరగా వదిలేస్తున్నాయని అర్థం.

మొదటి రౌండు మాత్రమే ఆగుతోందా, చివరిది మాత్రమే ఆగుతోందా అన్నదీ చూడు. మొదటిది అయితే నిండా కుక్కడం వల్ల ఒత్తిడి ఎక్కువై ఉండొచ్చు. చివరిది అయితే స్ప్రింగ్ అలసిపోయింది.

ఇక .22లో ప్రత్యేకమైన తంటా ఒకటుంది. దీనికి త్రీనాట్‌త్రీ లాగే వెనక అంచు, అంటే రిమ్, బయటికి పొడుచుకుని ఉంటుంది. మేగజీన్‌లో పై రౌండు రిమ్ కింది రౌండు రిమ్‌కి ముందు ఉండాలి. వెనక పడితే పై రౌండు ముందుకు వెళ్లేటప్పుడు కిందిదాని రిమ్‌కి తట్టుకుని ఆగిపోతుంది. దీన్నే రిమ్ లాక్ అంటాం. త్రీనాట్‌త్రీలో పది రౌండ్ల మేగజీన్‌ను ఐదేసి రౌండ్ల చార్జర్ క్లిప్పులతో నింపేవాళ్లం. విడిగా ఒక్కో రౌండు పెట్టేటప్పుడు కొత్త కానిస్టేబుళ్లకి ముందుగా నేర్పేది ఈ రిమ్ సంగతే. .22లో ఒక్కో రౌండూ ముందునుంచి లిప్స్ కింద పెట్టి వెనక్కి పూర్తిగా జరపాలి. గబగబా పైనుంచి నొక్కి కూరితే లిప్స్ విచ్చుకుంటాయి, రిమ్ తారుమారవుతుంది. పది రౌండ్ల మేగజీన్‌లో ఈ ప్రమాదం ఐదు రౌండ్లదానికంటే ఎక్కువ.

టక్‌మన్నప్పుడు ఏం చేస్తున్నావో రాయలేదు. రైఫిల్ మొన టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగు, ఆ తర్వాతే బోల్ట్ తెరువు. చాంబర్ ఖాళీగా ఉందని నీకు అప్పటికి తెలియదు కదా. మందు ఆలస్యంగా అంటుకునే రౌండ్లు అరుదే, కానీ ఉంటాయి. ఎప్పుడైనా పేలిన శబ్దం నీరసంగా వస్తే ఇంకో రౌండు పెట్టకు. బోల్ట్ తీసి బ్యారెల్‌లో ఏమీ ఇరుక్కోలేదని చూశాకే తర్వాతి మాట. ఇంకొకటి, .22లో ఫైరింగ్ పిన్ కొట్టేది రిమ్ మీద. ఖాళీ చాంబర్ మీద పదే పదే కొడితే కొన్ని రైఫిళ్లలో పిన్ చాంబర్ అంచుకే తగిలి అక్కడ చిన్న గంటు పడుతుంది. ఆ గంటు వల్ల మళ్లీ రౌండ్లు సాఫీగా వెళ్లవు. టార్చ్ వేసి మీ చాంబర్ అంచు ఒకసారి చూడమని క్లబ్బువాళ్లకి చెప్పు.

పటమట కుర్రోడు

బాబాయ్ గారూ, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. నింపేటప్పుడు మేము పైనుంచే నొక్కుతున్నాం. ఎండాకాలంలో ఎక్కువ ఆగడానికి కారణం ఏమైనా ఉందా? లిప్స్ విచ్చుకుంటే సన్నముక్కు పటకారుతో దగ్గరకు తేవచ్చా?

మంగళగిరి ఆర్మరర్

పటకారు వద్దు. లిప్స్ మూలల్లో రేకు పగులుతుంది, రెండు వైపులా సమానంగా రాదు. నా సర్వీసులో వంగిన లిప్స్‌ని సరిచేయడానికి గేజీ ఉండేది, కొలిచి చూసేవాళ్లం. గేజీ లేకుండా కంటితో చేసే పని కాదు. మంచి మేగజీన్ పక్కన పెట్టి పోల్చి చూడు. తేడా కనిపిస్తే ఆ నంబరును పక్కన పెట్టేయండి.

ఎండ సంగతి నువ్వు గమనించడం మంచిదైంది. .22 తూటా బుల్లెట్ బయట మైనం లాంటి పూత ఉంటుంది. మన విజయవాడలో మే నెలలో 45 డిగ్రీల దాకా వెళ్తుంది, ఆ ఎండలో బండి డిక్కీలో పెట్టె పెట్టుకుని వస్తే పూత మెత్తబడి దుమ్మంతా దానికి అంటుకుంటుంది. ఆ దుమ్ము, ఆ మైనం రెండూ మేగజీన్ లోపలికి, చాంబర్ లోపలికి చేరతాయి. ఫాలోవర్ జిగటగా కదులుతుంది. కాబట్టి తూటాలు నీడపట్టున, మూసిన పెట్టెలో ఉండాలి. కింద రాలిన రౌండును చొక్కాకి తుడిచి మళ్లీ మేగజీన్‌లో పెట్టకండి.

మేగజీన్ విప్పి పొడి చిందీతో, అంటే గుడ్డ పీలికతో తుడవండి. లోపల నూనె పోయకండి. కొందరు మెత్తగా కదులుతుందని ఆయిల్ పోస్తారు. మన దుమ్ముకి అది బంకగా మారుతుంది, తూటా మీదికీ పాకుతుంది. స్ప్రింగ్ తుప్పు పట్టకుండా ఆయిల్ అంటిన చిందీతో ఒకసారి తుడిచి, మళ్లీ పొడి చిందీతో తుడిచేస్తే చాలు.

కొత్త మేగజీన్ కొనేటప్పుడు క్లబ్బుకి నా సలహా. రైఫిల్ చేసిన కంపెనీవే తెప్పించండి. ఐదు రౌండ్లవి చాలు. ప్లాస్టిక్‌వి, రేకువి రెండూ మంచివి ఉన్నాయి. కింద పడితే ప్లాస్టిక్ సొట్ట పడదు, రేకు పగలదు. 1999 కార్గిల్ యుద్ధంలో చలికి ఇన్సాస్ ప్లాస్టిక్ మేగజీన్లు పగిలాయని ఫిర్యాదులు వచ్చాయి. మనకి చలి లేదు, కానీ ఎండలో కారు అద్దం కింద పడేసిన ప్లాస్టిక్‌ని నేను నమ్మను. కొన్నాక మొదట మందు లేని డమ్మీ రౌండ్లతో నింపి, నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి బోల్ట్ నడిపి చూడాలి. తర్వాత రేంజిలో మీరు వాడే తూటాతోనే కొట్టి చూడాలి. ఒక రైఫిల్‌లో అద్భుతంగా నడిచిన మేగజీన్ అదే మోడల్ ఇంకో రైఫిల్‌లో మొరాయించడం చూశాను. ఏ రైఫిల్‌లో నడిచిందో ఆ రైఫిల్‌కే కేటాయించి నంబరు రాసుకోవాలి.

గుంటూరు కోచ్ అన్న

ఆర్మరర్ గారు చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను.

తమ్ముడూ, పడుకుని కొట్టేవాళ్లలో బోల్ట్‌ను పూర్తిగా వెనక్కి లాగకపోవడం చాలా మామూలు. రైఫిల్‌ని చేతికి బిగించే పట్టీ (స్లింగ్) బిగుతుగా ఉంటుంది, పొజిషన్ చెడుతుందన్న భయంతో సగం లాగి తోసేస్తారు. బోల్ట్ రౌండు వెనక్కి పూర్తిగా చేరకపోతే ఏ మేగజీన్ అయినా రౌండు ఎలా ఇస్తుంది? నువ్వు చెప్పిన "మీదుగా జారిపోవడం" ఇలా కూడా అవుతుంది. నీ చేతిలో ఆగిన మేగజీన్‌ను పక్కవాడికి ఇచ్చి చూడు. అందుకే కొట్టేవాడి పేరు కూడా రాయమన్నారు ఆయన.

ఇంకా ముఖ్యమైంది. నువ్వు పోటీలకి వెళ్లాలనుకుంటే 50 మీటర్ల రైఫిల్‌లో మేగజీన్ అవసరమే లేదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) నియమాల్లో ఒక్కో రౌండూ చేత్తో పెట్టి కొట్టాల్సిందే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచాడు కదా, అక్కడ క్వాలిఫికేషన్‌లో మోకాలి మీద 20, పడుకుని 20, నిలబడి 20 షాట్లు. ఒక్కోటీ చేత్తో పెట్టినవే. మీ రైఫిల్‌కి మేగజీన్ స్థానంలో పెట్టే సింగిల్ షాట్ అడాప్టర్ దొరికితే క్లబ్బు చేత అది కొనిపించు. చాంబర్ ముందు ఒక చదునైన పళ్లెంలా ఉంటుంది, రౌండు దాని మీద పెట్టి బోల్ట్ తోయడమే. నీ మొనలు చెక్కుకుపోవడం ఆగిపోతుంది. చెక్కుకుపోయిన సీసం మొన 50 మీటర్లలో ఎక్కడికి వెళ్తుందో నమ్మకం లేదు. పదో రింగ్ వెడల్పు 10.4 మిల్లీమీటర్లే.

మేగజీన్‌తో నేర్చుకోవద్దని కాదు. కానీ నీ లక్ష్యం ప్రోన్ స్కోరు అయితే ఆ టెన్షన్ ఎందుకు పడాలి?

తెనాలి టు టెక్సస్

నేను తెనాలివాణ్ణి, ఇక్కడ టెక్సస్‌లో చాలా ఏళ్లుగా రీలోడింగ్ చేస్తున్నాను. రెండో ప్రశ్నకి నేను చెబుతాను.

.22 తూటాను ఇంట్లో రీలోడ్ చేసుకునే వీలు లేదు. మీ బావగారి .308 లాంటివి సెంటర్‌ఫైర్. కేసు, అంటే తూటా గొట్టం, అడుగున మధ్యలో ప్రైమర్ (మందును అంటించే చిన్న టోపీ) విడిగా ఉంటుంది. వాడిన ప్రైమర్‌ని పొడిచి తీసేసి కొత్తది పెడతాం. .22లో ఆ పేలే మసాలా రిమ్ లోపల చుట్టూ పోసి ఉంటుంది. పిన్ కొట్టాక రిమ్ నలిగిపోతుంది. ఆ కేసు పని అక్కడితో సరి.

కానీ మీ బావ చెప్పిన సూత్రం నిజమే. రైఫిల్‌కి సరిపోయే తూటా దొరికితే గ్రూపు దగ్గరకొస్తుంది. .22 వాళ్లు రీలోడింగ్‌కి బదులు చేసేది లాట్ టెస్టింగ్. ఒకే బ్రాండు, ఒకే మోడల్ తూటా అయినా ఒక్కో లాట్ ఒక్కో బ్యారెల్‌లో ఒక్కోలా పడుతుంది. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లోని ఈలీ, జర్మనీలో షోనెబెక్‌లోని లాపువా అనే తూటా కంపెనీల దగ్గర షూటర్లు సొంత రైఫిల్ పట్టుకెళ్లి, క్లాంపులో బిగించి, రకరకాల లాట్లు కొట్టి చూసుకుని, నచ్చిన లాట్‌ను మొత్తంగా కొంటారు. మీ స్థాయిలో క్లబ్బుకి వచ్చిన లాట్లలో రెండు మూడింటిని ఆనించి కొట్టి, గ్రూపులు పోల్చి, బాగున్న లాట్‌ను మ్యాచ్‌లకి దాచుకోవచ్చు.

మేగజీన్‌కీ రీలోడింగ్‌కీ సంబంధం అడగలేదు కానీ చెబుతా, ఎందుకంటే మీ బావతో మాట్లాడటానికి పనికొస్తుంది. .308కి ఇక్కడి ప్రమాణం ప్రకారం రౌండు మొత్తం పొడవు 2.810 అంగుళాలు, అంటే 71.37 మిల్లీమీటర్లు మించకూడదు. బుల్లెట్ బ్యారెల్ గాడులకు దగ్గరగా ఉంటే గురి మెరుగవుతుందని కొందరు బుల్లెట్‌ను కాస్త బయటికి ఉంచి రౌండును పొడుగ్గా చేస్తారు. అప్పుడది మేగజీన్ ముందు గోడకు రాసుకుంటుంది, మొన కిందికి దిగుతుంది, రౌండు ఆగుతుంది. నేనైతే ముందు మేగజీన్ లోపలి పొడవు కొలిచి, దానికి లోబడే రౌండు పొడవు నిర్ణయిస్తాను. అంతకంటే పొడుగు కావాలంటే ఒక్కోటి చేత్తో పెట్టుకుని కొట్టాలి.

పట్టు కూడా ముఖ్యం. కేసు మెడ బుల్లెట్‌ను గట్టిగా పట్టుకోకపోతే, కొట్టినప్పుడల్లా వెనక్కి తన్నే దెబ్బకి మేగజీన్‌లో మిగిలిన రౌండ్ల మొనలు ముందు గోడకు గుద్దుకుని బుల్లెట్ కేసులోకి దిగుతుంది. లోపల ఖాళీ తగ్గుతుంది, పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. పేలాక ఉబ్బిన కేసును మళ్లీ సరైన కొలతకు తేకపోతే (సైజ్ చేయకపోతే) రౌండు చాంబర్‌లోకి వెళ్లి చివర్లో బిగుసుకుంటుంది. దీన్ని చాలామంది మేగజీన్ తప్పు అనుకుంటారు. నేను చేసిన ప్రతి రౌండునూ పెట్టెలో పెట్టేముందు కేస్ గేజీలో వేసి చూస్తాను.

బల్ల మీద ఒక్క రకం మందు డబ్బానే ఉంటుంది. పుస్తకంలో అచ్చయిన కొలతలు తప్ప ఇంటర్నెట్‌లో ఎవరో రాసింది వాడను. మందు పోసిన కేసులన్నిటినీ వరసగా నిలబెట్టి టార్చ్ వేసి మట్టం చూశాకే బుల్లెట్లు కూర్చుతాను. పక్కన ఫోన్ ఉండదు, ఎవరితోనూ మాట్లాడను. మందు రెండుసార్లు పడ్డ కేసు రైఫిల్‌ను పగలగొడుతుంది. మందు పడని కేసులో ప్రైమర్ దెబ్బకే బుల్లెట్ బ్యారెల్‌లోకి వెళ్లి ఇరుక్కుంటుంది, దాని వెనక ఇంకోటి కొడితే ప్రాణం మీదికొస్తుంది.

ఇక మీ బావ ప్రయాణం గురించి. ఆయనకి ఈ రోజే ఫోన్ చేసి మేగజీన్లు తేవద్దని చెప్పండి. రేంజికి వాడే బ్యాగు ప్రయాణానికి వాడొద్దని కూడా చెప్పండి. బ్యాగు జేబులో మర్చిపోయిన ఒక్క తూటా స్కానర్‌లో కనబడితే ఎయిర్‌పోర్టులోనే పోలీసు కేసు అవుతుంది. ఇక్కడ మాకు అది చిల్లర సామాను లాంటిది, అందుకే మర్చిపోతాం.

మంగళగిరి ఆర్మరర్

టెక్సస్ తమ్ముడు బాగా చెప్పాడు. చట్టం సంగతి నేను చెబుతాను, ఇందులో ఎవరికీ అనుమానం ఉండకూడదు.

1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అంటే దాని భాగాలు కూడా. మేగజీన్ తుపాకీ భాగమే. విమానంలో సామాన్ల మధ్య పెట్టుకుని తెచ్చుకునే వస్తువు కాదు. తూటా తయారీ ఆ చట్టంలో 5వ సెక్షన్ కిందికి వస్తుంది, దానికి వేరే లైసెన్సు ఉండాలి. రైఫిల్‌కి లైసెన్సు ఉందనో, క్లబ్బు మెంబరుననో ఇంట్లో తూటా చేయకూడదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తయారీకి శిక్ష కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా ఉంది. నీకు కావాల్సిన మేగజీన్లు, తూటాలు క్లబ్బు ద్వారా, లైసెన్సున్న డీలరు ద్వారా, రసీదుతో రావాలి. చదువుకునే పిల్లలు వీడియోలు చూసి ఉత్సాహపడుతున్నారు, వాళ్ల జీవితాలు పాడవుతాయి. మీ క్లబ్బులో చిన్నవాళ్లుంటే వాళ్లకీ ఈ మాట చెప్పు బాబూ.

పటమట కుర్రోడు

అందరికీ మళ్లీ థాంక్స్. బావతో మాట్లాడాను, ఏమీ తేనన్నాడు. లగేజీకి కొత్త సూట్‌కేసు కొంటానన్నాడు.

క్లబ్బులో నంబర్లు వేశాం, నోట్‌బుక్ పెట్టాం. మొన గుద్దుకోవడం దాదాపు అంతా 4వ నంబరులోనే, అంటే పది రౌండ్లవాటిలో ఒకటి. విప్పి చూస్తే స్ప్రింగ్ నిజంగానే తిరగేసి ఉంది. సరిచేశాక తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. 2వ నంబరుతో పోల్చి చూస్తే 4వదాని ఎడమ లిప్ విచ్చుకున్నట్టు కనిపిస్తోంది. మీదుగా జారిపోవడం మాత్రం నేనూ ఇంకో అబ్బాయీ కొట్టినప్పుడే జరుగుతోంది. బోల్ట్ పూర్తిగా లాగుతుంటే రావడం లేదు. కోచ్ అన్నా, మీరు చెప్పింది సరిగ్గా అదే. అడాప్టర్ కోసం సెక్రటరీ గారు డీలరుని అడుగుతున్నారు.

4వ నంబరును ఏం చేయమంటారు? పారేయాలా?

మంగళగిరి ఆర్మరర్

పారేయకు. క్లబ్బు స్టాకు రిజిస్టర్‌లో ఉన్న వస్తువు అది. ఎర్ర టేపు చుట్టి, "వాడరాదు" అని రాసి, సెక్రటరీ గారికి అప్పగించి రిజిస్టర్‌లో రాయించండి. డీలరు దగ్గర ఆర్మరర్ ఉంటే చూపించండి, గేజీ పెట్టి సరవుతుందో లేదో ఆయన చెబుతాడు. అది తిరిగొచ్చినా మళ్లీ డమ్మీ రౌండ్లతో మొదలుపెట్టాలి. మిగతా నాలుగింటి నోట్‌బుక్ ఆపకండి, వచ్చే ఎండాకాలం దాకా రాయండి. ఎండకి ఏ నంబరు ఎలా నడిచిందో అప్పుడు వచ్చి ఇక్కడ పెట్టు, చూద్దాం.